చిటికెన వేలికి లేచే కుర్చీ

24 జనవరి 1954, ఆదివారం

చిన్న తమ్ముడు లాజరు వచ్చి నాలుగు రోజులైంది. వాడు రాకముందు ఈ ఇంట్లో ఒక ఉదయం ఎలా ఉండేదో రాసి పెట్టుకోవాలనిపించింది. ఎందుకో తెలియదు. మొన్నటి మంగళవారం చాలు. విశేషమేమీ లేని ఉదయం.

నాలుగున్నరకి మెలకువ వచ్చింది. నాన్నగారి పందిరి మంచం ఎత్తు. ముందు కాలితో పీట వెతుక్కుని, దొరికాక దిగాను. మంచం పక్కనే మోకాళ్ళూనాను. మంచానికీ గోడవారనున్న ట్రంకుపెట్టెలకీ మధ్య ఒక్క మనిషి మోకాళ్ళూనేంత జాగా ఉంది. నేను సన్నగా ఉండబట్టి సరిపోతోంది. ప్రార్థన అయ్యాక చీకట్లోనే చెయ్యి చాపి తడుముకుంటూ నడిచాను. పెట్టెలు మూడు, బీరువా, మిషన్ దొరగారు వెళ్ళిపోతూ ఇచ్చిన చేతుల కుర్చీ, గుండ్రబల్ల. గుండ్రబల్ల అంచు ఎడమ మోకాలికి తగిలింది. రోజూ తగిలే చోటే.

గదిలో వెలుతురుండదు. కాలవ వైపు కిటికీకి బీరువా అడ్డం. పరిశుద్ధ గ్రంథం పట్టుకుని వీధి అరుగు మీదికి వెళ్ళి చదువుకున్నాను. మంచు పడుతోంది. చెంగు నెత్తిన కప్పుకున్నాను.

ఆరింటికి మరదలు సలోమి చీపురు పట్టుకుని వచ్చింది. కదిలేవి కదిపి ఊడ్చింది, కదలనివాటి చుట్టూ ఊడ్చింది. పెద్ద తమ్ముడు, హెడ్మాస్టరు దానం దొరగారి కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదే పెట్టుకుని, కళ్ళజోడేదని కేకలేశాడు. వాళ్ళమ్మాయి కృపావతి నవ్వి చెంబు కింద పడేసింది. హెడ్మాస్టరుగారికి కోపం వచ్చింది. నేను గుడ్డ తీసుకుని గోడమీది పదకొండు పటాలూ తుడిచాను. నాన్నగారు, దొరగారు, దొరసానిగారు, దానం బి.ఏ. పట్టా, తక్కినవి బైబిలు వాక్యాలు. చద్దన్నం తిని బడికి బయలుదేరాను.

అంతే. ఆ మర్నాడు లాజరు రాజోలులో బస్సు దిగి నడిచి వచ్చాడు.

27 జనవరి

లాజరు పెట్టె విప్పాడు. పనిముట్లు, రెండు చొక్కాలు, ఇటలీ భాషలో బొమ్మల పత్రికలు ఆరు. విడిగా గోనెలో చుట్టిన కుర్చీ ఒకటి. పన్నెండేళ్ళ సంపాదన.

యుద్ధంలో వీడు వంతెనలు కట్టే పటాలంలో వడ్రంగి. ఇటలీలో ఒక చలికాలం వీళ్ళని ఓ సముద్రపు ఊళ్ళో దించితే, ఎదురింట్లో బెప్పే అనే ముసలాయన కుర్చీలు చేస్తున్నాడట. భాష రాదు. ఉలి పట్టుకునే తీరు చూసి లోపలికి పిలిచాడట. యుద్ధం అయ్యాక వీడు బొంబాయి నుంచి జెనోవా వెళ్ళే ఓడలో వడ్రంగిగా చేరాడు. ఓడ అక్కడ ఆగినప్పుడల్లా బెప్పే దగ్గరికే. ఓడలో గదులు సర్దడానికి మిలాను అనే పట్నం నుంచి కొత్త ఇంజనీర్లు వచ్చేవారట. వాళ్ళ కింద పనిచేశాడు. నాన్నగారు పోయినప్పుడు కూడా సముద్రం మీదే ఉన్నాడు.

గోనె విప్పి కుర్చీని చిటికెన వేలితో ఎత్తాడు. నిజంగానే ఒక్క వేలితో.

"చిన్నపిల్లల ఆటవస్తువా మరిదిగారూ?" అంది సలోమి.

"అన్నయ్యని కూర్చోమనండి వదినగారూ."

దానం మంచి బరువు మనిషి. కూర్చోనన్నాడు. కృపావతి, "నాన్నగారికి భయం" అంది. దాంతో కూర్చున్నాడు, ఊపిరి బిగబట్టి, సగం బరువు కాళ్ళ మీదే ఉంచుకుని. కుర్చీ కిక్కురుమనలేదు. మెల్లగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత ఎంతసేపటికీ లేవలేదు.

"కర్ర ఏదీ ఇందులో? అంతా గాలే" అన్నాడు కూర్చునే.

"అదే అన్నయ్యా పని. తీసుకుంటూ పోవాలి. ఇంకొక్కటి తీస్తే విరుగుతుందనుకున్న చోట ఆపాలి."

నాన్నగారు పడవలు చేసేటప్పుడు ఇలాంటి మాటే అనేవారు. పడవకి ఎక్కువ చెక్క వేస్తే గోదావరి ఒప్పుకోదు అని. ఆ మాట నేను లాజరుతో అనలేదు. వాడికే తెలిసుంటుంది.

31 జనవరి

పత్రికల్లో బొమ్మలు చూశాను. గదులు. ఒక్కో గదిలో నాలుగు వస్తువులు. గోడలు తెల్లగా, పైకప్పుకి మాత్రం రంగు. మనుషులెవరూ లేరు, ఇప్పుడే లేచి పక్కగదిలోకి వెళ్ళినట్టు.

ఎవరో చచ్చిపోయిన ఇళ్ళలా ఉన్నాయంది సలోమి.

నాకలా అనిపించలేదు. ప్రార్థన అయిపోయాక మనసు ఉన్నట్టు ఉన్నాయి.

6 ఫిబ్రవరి

లాజరు మళ్ళీ వెళ్ళాలట. ఓడ కంపెనీవాళ్ళు మూడు నెలల సెలవిచ్చారు. ఏప్రిల్ పదో తారీకులోగా వస్తానో రానో ఉత్తరం రాయాలి. రాయకపోతే ఉద్యోగం ఇంకొకరికిస్తారు.

"ఇక్కడ ఉండిపోకూడదుట్రా?" అన్నాను.

"నాన్న పడవల పాకలో దుకాణం పెట్టుకోవాలని ఉందక్కా. కానీ ఈ పని ఇక్కడెవరూ చూడలేదు. చూపించాలి. మన ముందుగది నాకిచ్చెయ్యి. అదే నా సైనుబోర్డు. నాలుగు ఇళ్ళవాళ్ళు చూసి మాకూ చెయ్యమంటే ఉంటాను. లేకపోతే ఓడే."

అమ్మ పోయేనాటికి వీడికి పది నెలలు. నాకు పద్దెనిమిది. ఇప్పుడు ముప్పయ్యారేళ్ళవాడు, తల అక్కడక్కడ నెరిసింది.

సరేనన్నాను.

10 ఫిబ్రవరి

వాడికి పాత టేకు కావాలి. బజారులో దొరికే కర్ర పచ్చిదట, సన్నగా చెక్కితే వంకరపోతుందట. మాట నాన్చి నాన్చి చివరికి మంచం వైపు చూశాడు.

దానం లేచి నిలబడ్డాడు. "నాన్నగారి మంచమా! ఆ మంచం సంగతి తెలుసా నీకసలు?"

"తెలుసన్నయ్యా."

అందరికీ తెలుసు. ఆ మంచం పెద్ద రైతుగారింట్లోది. ఆ ఇంటి పెరట్లో మా నాన్నగారు పదేళ్ళవాడిగా పేడ ఎత్తారు. గడప దాటి ఏనాడూ లోపలికి వెళ్ళలేదు. ఆ తర్వాత దొరగారి పడవ మీద పనికి చేరి, బాడిస పట్టడం నేర్చి, తానే పడవలు చేశారు. ఇరవయ్యారులో ఆ ఇంటి సామాను వేలం వేస్తే వెళ్ళి మంచం పాడుకున్నారు. తన పడవ మీదే కాలవలో తెచ్చారు. గుమ్మంలో పట్టకపోతే ద్వారబంధం ఊడదీసి, మంచం లోపల పెట్టి, మళ్ళీ బిగించారు. ఆ రాత్రి దాని మీద పడుకోలేదు. కింద కూర్చుని చూశారు.

దానం నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పు. దాని మీద పడుకునేది నువ్వు."

"మంచం కర్రే కదా" అన్నాను.

దానం అన్నం సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

13 ఫిబ్రవరి

మంచం విప్పేశాడు. చెవులకి బాధ కలగకుండా గట్టి దెబ్బలు నేను బడిలో ఉన్నప్పుడు వేశాడట.

14 ఫిబ్రవరి

చాప మీద నిద్ర బాగానే పట్టింది.

17 ఫిబ్రవరి

నిద్ర బాగానే పట్టింది. నేల గట్టిగా ఉంది, అంతే.

25 ఫిబ్రవరి

పదకొండు పటాలూ దింపేశాడు. ఒక్కటి ఉంచుతాను, ఏది ఉంచమంటావు పెద్దక్కా అని అడిగాడు. మూడు రోజులు గడువడిగాను.

ఓడలరేవు నుంచి గుల్లసున్నం వచ్చింది. పనికి ముసలయ్య వచ్చాడు. ఒక పూత వేసి సరిపోయిందన్నాడు. లాజరు ఐదు పూతలు వేయించాడు. "ఏ రాజుగారొస్తారండీ చూడ్డానికి?" అని ముసలయ్య. "వెలుతురొస్తుంది ముసలయ్యగారూ" అని వీడు. "దానికి గుమ్మం తెలీదేంటండీ" అని ముసలయ్య.

బీరువా పడవల పాకలోకి పోయింది. కాలవ వైపు కిటికీ రెండింతలు చేశాడు. ఊచలకి లోపలి పక్కన, కిటికీకి అడ్డంగా రెండు సన్నని చెక్కలు బిగించాడు. పుస్తకాలు అక్కడ పెట్టాలట. బీరువాలో పుస్తకాలు చీకట్లో ఉంటాయి, ఇక్కడ వెలుతురులో ఉంటాయి అన్నాడు. కిటికీ బీరువా పని చెయ్యాలి, బీరువా కిటికీ పని చెయ్యాలి. ఒక్క వస్తువుకి రెండు పనులైనా లేకపోతే దాన్ని ఇంట్లో ఉంచకూడదట.

"అలాగైతే మీ అన్నయ్యనెక్కడ పెట్టాలి?" అంది సలోమి. ఇంటికి వచ్చాక లాజరు అంతలా నవ్వడం ఇదే.

3 మార్చి, బుధవారం

శ్రమకాలం మొదలైంది, ఈస్టరుకి ముందు నలభై రోజులు.

ఈ ఉదయం లేచి, నేల మీదే మోకాళ్ళూని, లేచి నిలబడి, చెయ్యి చాపకుండా నడిచాను. ఏదీ తగల్లేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి గ్రంథం తీశాను. తెల్లవారుతున్నది. కాలవ నీళ్ళ మీది వెలుతురు లోపలికి వచ్చి గోడ మీద కదులుతోంది. అక్షరాలు కనిపించాయి. నా ఇంట్లో, నా గదిలో, ముప్పయ్యేళ్ళలో మొదటిసారి.

ఎంతసేపు చదివానో తెలియదు. వెనక్కి తిరిగితే లాజరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మనిషి చేతికి దేవుడు ఇంత ఇస్తాడా అనిపించింది.

9 మార్చి

పటం ఇంకా తేల్చలేదు. నాన్నగారిది ఉంచితే వాక్యం లేదు. వాక్యం ఉంచితే నాన్నగారు లేరు.

14 మార్చి

మొదటి కొనుగోలుదారు అవుతారనుకున్న మనిషి వచ్చి వెళ్ళారు. రాజోలులో బియ్యం మిల్లు మాణిక్యాలరావుగారు. కొత్త మేడ కడుతున్నారు. అరుగు మీద కూర్చుంటారనుకున్నాం. లోపలికే వచ్చారు. అటూ ఇటూ చూసి, "ఇంకా సామాను తేలేదా?" అన్నారు.

"ఇదేనండీ, అయిపోయింది" అన్నాడు లాజరు.

కుర్చీ ఎత్తి చూశారు. గోడలోంచి కిందికి వాలే బల్ల వాల్చి చూశారు, ఎత్తి చూశారు, మళ్ళీ వాల్చారు. ముచ్చటపడ్డారని తెలుస్తూనే ఉంది.

"చాలా బాగుంది లాజరూ. అబద్ధమెందుకు. కానీ నేను మేడ కట్టేది నలుగురూ చూడాలని కదా. ఇంత తేలిగ్గా పెడితే, ఉన్నదంతా మేడకే పోసేశాడు, లోపలికి మిగల్లేదంటారు."

"చూసేవాళ్ళు అనుకునేదాని కోసం కాదండీ ఇల్లు."

"ఆయ్, నీకు అలాగే ఉంటుంది. నువ్వు ఓడలో ఉన్నావు. నేను రాజోలులో ఉన్నాను."

కాఫీ తాగి వెళ్ళిపోయారు. బల్లని మాత్రం వెళ్తూ వెళ్తూ ఇంకోసారి ఎత్తి వాల్చారు.

20 మార్చి

గది పూర్తయింది.

ఉన్నవి రాస్తాను. మంచం కర్రతో చేసిన కుర్చీలు ఆరు. కూర్చునే చోట మా పేట వీరాయమ్మ తుంగ పేని ఇస్తే వాడు అల్లాడు. గోడ పొడవునా బల్లపీట ఒకటి. మూత ఎత్తితే మూడు ట్రంకుల సామాను అందులోనే. వాలే బల్ల. కిటికీలో పుస్తకాలు. గోడలు తెలుపు. పైకప్పు కింద చెక్కలకి మాత్రం వానాకాలం ముందు ఆకాశం రంగు. ఇంకేమీ లేదు. టేకుకి నల్లరంగు పులమలేదు, చేప పొట్టలా మెరుస్తోంది. ఒక కుర్చీ వీపుమీద పాత మేకు చిల్లు ఒకటి ఉంది. పూడ్చవా అంటే, దాని వయసు దానికి తెలియనీ అక్కా అన్నాడు.

పటాల గోడ ఖాళీగానే ఉంది. నేను తేల్చలేకపోయాను. సాయంత్రం దాని ఎదురుగా కూర్చున్నాను. కొబ్బరాకు నీడ దాని మీద అటూ ఇటూ ఊగింది. పటం లేదని గుర్తు రాలేదు.

దానం బడి నుంచి వచ్చి అరగంట గుమ్మంలో నిలబడ్డాడు. చివరికి, "మాట్లాడితే గొంతు బాగా వినిపిస్తోంది" అన్నాడు. అది మెచ్చుకోలే. పాఠం చెప్పే మనిషి.

కుర్చీల్లో నేనింకా కూర్చోలేదు. తీరిక లేక.

26 మార్చి

ఇంకెవరూ పని చెప్పలేదు. లాజరు పాకలో పనిముట్లు నూరుకుంటున్నాడు. నూరినవే.

28 మార్చి, ఆదివారం

స్త్రీల సమాజం కూడింది. పిడికెడు బియ్యం ఈ నెల ఎవరికి అని నేనే అడగడం మామూలు. పేటలో ప్రతి ఇల్లాలూ పూటపూటా వంటకి ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. నెలాఖరుకి అవన్నీ పోగుచేసి, లేనివాళ్ళింటికి చేరుస్తాం. అడగబోతే, "చూసుకున్నామండి టీచరమ్మగారూ, మీరు ఆ బాధ పెట్టుకోకండి" అన్నారు. నా చందా కూడా పుచ్చుకోలేదు. శ్రమకాలం కదా, అందరి మనసులూ మెత్తబడ్డాయి.

వీరాయమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇంట్లో అంతా కులాసాయేనాండీ?" అంది. కులాసాయే అన్నాను. కళ్ళు తుడుచుకుంది. పాపం, దానికి కళ్ళకలకలేమో.

2 ఏప్రిల్

లాజరు ఉత్తరం రాయడానికి కాగితం అడిగాడు. ఇచ్చాను. రాయలేదు. జేబులో పెట్టుకున్నాడు.

నిద్ర బాగానే పట్టింది.

4 ఏప్రిల్, ఆదివారం

అంతా రాయాలి.

ఆరాధన అయి ఇంటికి వచ్చి గంట కాలేదు. వీధిలో అడుగుల చప్పుడు. చూస్తే ఆరుగురు ఆడవాళ్ళు, ముందు వీరాయమ్మ, వెనక మహాలక్ష్మమ్మ, తక్కినవాళ్ళు. వీరాయమ్మ నెత్తిన బియ్యం మూట. మహాలక్ష్మమ్మ చేతిలో అద్దాల పటం. ఇంకొకతె చంకన ముక్కాలిపీట, ఇంకొకతె నెత్తిన ట్రంకుపెట్టె. అందరి వెనకా ముసలయ్య, నులక మంచం తలకిందులుగా నెత్తిన పెట్టుకుని, కాళ్ళు ఆకాశానికి చూపిస్తూ.

లోపలికి వచ్చి మూట దింపింది వీరాయమ్మ. పడీ పడకముందే ఏడుపు.

"మాకు చెప్పకపోతే పోనీండి టీచరమ్మగారూ. మేం గుడ్డివాళ్ళమా ఏంటండీ? మీ నాన్నగారి మంచం పోయింది. బీరువా పోయింది. మంచం కోసి కుర్చీలు చేసి అమ్ముకుంటున్నారని తెలిసి కూడా తుంగ పేనిచ్చాను, నోరు మూసుకుని. ఆఖరికి గోడమీద దేవుడి మాటలు కూడా మిగల్లేదు. ఇంకేం మిగిలిందమ్మా!"

"అది కాదు వీరాయమ్మా..." అన్నాను.

"మీరేం చెప్పకండి. మీ తమ్ముడుగారు దేశాలు తిరిగి ఏం పోగొట్టుకొచ్చారో మేం అడగం. మిల్లు మాణిక్యాలరావుగారు కూడా వచ్చి గదంతా కలియజూసి వెళ్ళారంట కదండీ. బాకీ కోసమే కదండీ."

ముసలయ్య మంచం దింపి గదికి నట్టనడుమ వేశాడు. "సున్నం ఐదు పూతలు వేయించినప్పుడే అనుకున్నానండీ. మనిషి కాస్త తేడాగా ఉన్నారని."

దానం మొహం ఎర్రబడింది. "నేను హెడ్మాస్టర్ని! నా ఇంటికి పిడికెడు బియ్యమా!"

"హెడ్మాస్టరుగారికైనా ఆకలి ఆకలే కదండీ" అంది మహాలక్ష్మమ్మ, చాలా మర్యాదగా. తెచ్చిన పటం ఖాళీ గోడకి ఆనించింది.

లాజరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. వాడి గదిలోకి ఒక్కొక్కటీ చేరడం చూస్తున్నాడు.

నేను రెండు చేతులూ చాపి మూట పుచ్చుకున్నాను. వందనాలు చెప్పాను. వాళ్ళు ప్రార్థన చేసి వెళ్ళారు. ఒక్కరూ కుర్చీలో కూర్చోలేదు, నేల మీదే. కుర్చీలు అమ్మకానికని, మాసిపోతాయని.

వాళ్ళు వెళ్ళాక దానం నా మీద పడ్డాడు. ఎందుకు పుచ్చుకున్నావు, ఎందుకు వద్దనలేదు అని.

చెప్పాను. దానానికి అప్పుడు పదమూడేళ్ళు, గుర్తుండాలి. అమ్మ జ్వరంతో పోయిన ఏడు నాన్నగారు కూడా మంచాన పడ్డారు. మంచమంటే మంచం లేదు, గడ్డి. గుడిసెలో ఒక కుండ, ఒక చాప, మేం. రెండు నెలలు ఈ పిడికెడు బియ్యమే తిన్నాం. తెచ్చిపెట్టింది వీరాయమ్మ వాళ్ళమ్మ. అప్పుడు చాపిన చేతులే ఇవి. ఇప్పుడు వద్దని ఎలా అంటాను?

వాళ్ళ పొరపాటేముంది. మా పేటలో ఖాళీ గది అంటే అర్థం ఒక్కటే. అందరం చూసినదే. ముప్పయ్యయిదేళ్ళు అందుకేగా ఇల్లు నింపాం, మోకాలికి తగిలేదాకా.

నాకూ అంతే. మంచం విప్పిన రాత్రి నేను నిద్రపోలేదు. ఆ తర్వాత కూడా చాలా రాత్రులు. నిద్ర పట్టిందని రాశాను. ఇప్పుడు సరిచేస్తున్నాను. భయం వేసింది. గది బాగుండటం నిజం, భయం నిజం. వీడుండిపోవాలని మంచం ఇచ్చాను, అదీ నిజం.

లాజరు అన్నాడు: "పన్నెండేళ్ళు నేర్చుకున్నానక్కా. మనవాళ్ళకి అది అడుక్కునేవాడి కొంపలా కనిపించింది. ఉత్తరం రాస్తాను. వస్తున్నానని."

దీపాలు పెట్టే వేళకి అందరం ఆ గదిలోనే కూర్చున్నాం, నులక మంచం చుట్టూ. దానం మొదలుపెట్టాడు. రేపే బియ్యం వాపసు చెయ్యాలి, బీరువా తెచ్చి యథాస్థానంలో పెట్టాలి, పటాలు తగిలించాలి, పరువు నిలబెట్టాలి. లాజరు తల వంచుకుని వింటున్నాడు. ఒప్పేసుకున్నట్టే ఉంది.

అప్పుడు సలోమి లేచింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు అప్పటిదాకా.

"బీరువా ఇక్కడికి తెస్తే నేను ఊడవను" అంది.

"ఏమిటీ?" అన్నాడు దానం.

"ఇరవయ్యేళ్ళు వాటి చుట్టూ వంగి వంగి ఊడ్చాను. కింద దూరి ఎలకల్ని తోలాను. నెల్లాళ్ళనుంచి నాలుగు తోపులు తోస్తే గది అయిపోతోంది. నడుము నొప్పి లేదు. ఇటలీయో గిటలీయో నాకు తెలియదు. ఆ ముసలాయనెవరో, బెప్పేగారో, ఆయన భార్య ఊడవగా చూసే నేర్చుకునుంటారు. మళ్ళీ నింపితే చీపురు మీ చేతికిస్తాను. హెడ్మాస్టరుగారు ఊడుస్తున్నారని పేటంతా వచ్చి చూస్తుంది, మీ పరువు బాగా నిలబడుతుంది."

కృపావతి మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

లాజరు చెయ్యి ఊరుకోదు కదా. పక్కనున్న ముక్కాలిపీటని కదిపాడు. ఒక కాలు ఊగింది. తిరగేసి చూశాడు. నులక మంచం పట్టె నొక్కి చూశాడు. ట్రంకుపెట్టె మూత తెరిచి మూసి చూశాడు. "అన్నీ పాడైనవే తెచ్చారు" అన్నాడు.

"పాడైనవి కాదు చిన్నాన్నా, వాళ్ళకున్నవి అవే" అంది కృపావతి.

వాడు చాలాసేపు ఆ పీట ఒళ్ళోంచి దింపలేదు.

తర్వాత తేలినవి రాస్తాను. మాటలు చాలా నడిచాయి, తేలినవి కొన్నే.

బియ్యం వాపసు లేదు. వచ్చే ఆదివారం మట్టల ఆదివారం. సాయంకాలం ప్రార్థన కూటం ఈ గదిలోనే పెట్టి, ఆ బియ్యానికి మా బియ్యం కలిపి వండి, పేటంతటికీ ఇక్కడే వడ్డించాలి. అరవై మంది పడతారా అని దానం. సామాను లేదు కనుక పడతారు, లెక్క వేశాను అని లాజరు. అయితే సరే అని దానం.

ఆరు కుర్చీల్లో ఆ పూట బియ్యం తెచ్చిన ఆరుగురు ఆడవాళ్ళు కూర్చోవాలి. తక్కిన అందరం చాపల మీద. ఈ మాట అన్నది దానం. అన్నాక తనకే ఆశ్చర్యమేసినట్టుంది. చర్చి అయ్యగారు కూడా చాప మీదేనా అని సలోమి అడిగితే, ఆయనతో నేను మాట్లాడతానన్నాడు. బాకీల్లేవని, బుద్ధి చెడలేదని వీరాయమ్మకి చెప్పడం నా వంతు. నమ్ముతుందో లేదో.

తెచ్చినవన్నీ శనివారంలోగా లాజరు బాగుచేసి ఎవరివి వాళ్ళ ఇంటికి చేర్చాలి. ఊళ్ళో వాడికి పని ఇచ్చినవాళ్ళు వీళ్ళే అయ్యారు, ఏడుస్తూ ఇచ్చినా. సెలవుల్లో దానం దగ్గరుండి పడవల పాక కప్పు వేయిస్తాడు. మాణిక్యాలరావుగారు వాలే బల్ల ఒక్కటైనా చేయించుకుంటారని కృపావతి పందెం. ఒక ఏడాది చూడాలి. ఏడాదికి అన్నానికి లోటు రానివ్వనని నేనన్నాను. నా జీతం ఇంకో రెండేళ్ళు వస్తుంది.

కనుక ఓడకి వెళ్ళడం లేదు.

ఉత్తరం దానమే ఇంగ్లీషులో రాశాడు, వాలే బల్ల వాల్చుకుని. నాలుగు వాక్యాలు. చదివి తెలుగులో అర్థం చెప్పాడు. లాజరు కలం అడిగి పుచ్చుకుని ఒక వాక్యం కొట్టేశాడు.

"అదేమిట్రా? అది మర్యాద" అన్నాడు దానం.

"ఏ వాక్యం?" అన్నాను.

"రాలేకపోతున్నందుకు విచారిస్తున్నాను అన్నది" అని చెప్పి, లాజరు కింద సంతకం చేశాడు.

మూడు వాక్యాల ఉత్తరం. రేపు బడికి వెళ్తూ నేనే టపాలో వెయ్యాలి.